మన్యపు జ్వరానికి చైనా ఆకు - అరకు కొండల్లో ఒక మందు చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా ఆరోగ్య విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. మన నెలవారీ సమావేశాల్లో మోకాళ్ళ నొప్పుల మాట వచ్చినప్పుడల్లా ఆక్యుపంక్చర్ ప్రస్తావన కూడా రావడం పరిపాటి. సూదులు గుచ్చించుకుని సుఖపడ్డామనేవారు కొందరు, డబ్బు దండుగ అనేవారు కొందరు. "ఇంతకీ చైనా వైద్యం మనవాళ్ళకు పనిచేస్తుందా?" అని మొన్న ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. నేను 1979 నుంచి 2012లో పదవీ విరమణ చేసేదాకా మలేరియా విభాగంలో, అందులో ఎక్కువ కాలం విశాఖ మన్యంలో పనిచేసినవాడిని. సూదుల సంగతి చెప్పగలంతటి వాడిని కాను గాని, చైనా వైద్యం నుంచి పుట్టిన ఒక మందు మన అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో దగ్గరుండి చూశాను. ఆ మందు చరిత్రే ఈ వ్యాసం. మన సంఘ సభ్యుల్లో ఏజెన్సీలో ఉద్యోగం చేసి జ్వరం తెచ్చుకోని వారు అరుదు గనుక, ఇది ఒక విధంగా మనందరి చరిత్ర కూడాను.

సూది, నిప్పు, ఆకు

చైనా వారు తమ సూదుల వైద్యాన్ని ఒక్క సూదితో చెప్పరు. వారి భాషలో దాని పేరు రెండు మాటల జంట. మొదటి మాటకు సూది అని, రెండవ దానికి కాల్చడం అని అర్థం. ఒంటి మీద కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చడం ఒక పద్ధతి. ఒక ఎండుటాకు పొడిని ముద్దగానో, బత్తిగానో చేసి, నిప్పంటించి, ఆ సెగ తగిలించడం రెండవ పద్ధతి. ఆ ఎండుటాకు ఏమిటో తెలిస్తే మన ఇళ్ళలోని ఆడవారు ఆశ్చర్యపోతారు. అది మన మాచిపత్రి కుటుంబానిది. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రాలలో మొట్టమొదట సమర్పించే మాచీపత్రమే. శాస్త్రజ్ఞులు ఆ మొక్కల జాతికి ఆర్టిమీసియా అని పేరు పెట్టారు. నేను చెప్పబోయే జ్వరం మందు కూడా అదే జాతిలోని మరొక మొక్క నుంచి వచ్చింది. దానిని చైనాలో చింగ్‌హావ్ అంటారు.

ఆక్యుపంక్చర్ మన దేశానికి వచ్చిన తీరులో మనం గర్వించదగిన ఒక ఘట్టం ఉంది. 1938లో జపాన్ దాడికి గురైన చైనాకు మన జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యులను పంపింది. అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షులు సుభాష్ చంద్ర బోస్. ఆ ఐదుగురిలో షోలాపూర్ వాస్తవ్యులు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ తిరిగి రాలేదు. 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ళ వయసులో, అక్కడే కన్నుమూశారు. శాంతారామ్ తీసిన సినిమా ద్వారా 1946లో ఆయన పేరు ఊరూరా తెలిసింది. ఆ బృందంలోని మరొక వైద్యులు డాక్టర్ బి.కె. బసు తరువాత మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959 ప్రాంతంలో కలకత్తాలో ఆ వైద్యం ప్రారంభించారు. 2003లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించింది.

ఇలా సూదికి పేరు వచ్చింది. కాని మన కొండలకు వచ్చింది సూది కాదు, ఆకు. అది ఎందుకు అంత అవసరమైందో తెలియాలంటే ముందు మన్యపు జ్వరం సంగతి చెప్పుకోవాలి.

మన్యం నీళ్ళు

1839లో చేసిన 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరు గారి ఏజెంటు చేతిలో పెట్టింది. ఆ ఏజెంటు పేరు మీదనే ఏజెన్సీ అన్న మాట మనకు మిగిలింది. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో జయపురం సంస్థానం కూడా భాగమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది అటు వెళ్ళిపోయింది. గీత మారింది గాని కొండలు మారలేదు, దోమలూ మారలేదు.

ఏజెన్సీకి వేశారంటే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఏడుపు. మనలో చాలామందికి ఇది అనుభవమే. "మన్యం నీళ్ళు పడవు" అనేవారు పెద్దలు. నీళ్ళు మరిగించి తాగినవాడికీ జ్వరం వచ్చేది. వణుకు, దుప్పట్లు కప్పినా ఆగని చలి, ఆపైన ఒళ్ళు కాలిపోయే వేడి, చెమట పట్టి తగ్గడం, మళ్ళీ రోజు విడిచి రోజు అదే తంతు. మన ఆయుర్వేదం దీన్ని విషమజ్వరమన్నది. ఎన్నో రోజున తిరగబెడుతుందో దాన్నిబట్టి తృతీయకమని, చతుర్థకమని విడదీసింది. పిల్లలకు కడుపులో బల్ల కట్టేది. బల్ల అంటే పెరిగిన ప్లీహం. 1914లో పెర్రీ అనే వైద్యాధికారి జయపురం కొండల మలేరియా మీద పరిశోధన ప్రకటించారు. ఊరి పిల్లల్లో ఎంతమందికి బల్ల ఉన్నదో చేత్తో తడిమి లెక్కవేయడమే ఆ కాలంలో ఊరి జ్వరాన్ని కొలిచే తూనిక.

దోషం నీళ్ళది కాదు, నీళ్ళలో పుట్టే దోమదని తేల్చింది మన గడ్డ మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశారు. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. కొండల్లో ఈ పనికి ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మురికి గుంటల్లో కాదు, మెల్లగా పారే తేట నీటి గెడ్డల్లో, గడ్డి అంచుల్లో పుడుతుంది. మైదానంలో మరొకటి, అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్. విజయనగరం - రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయ్యాక, బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందిన మలేరియా నిపుణులు సీనియర్ వైట్ ఈ జయపురం కొండల్లో ఏ దోమ జ్వరం మోస్తున్నదో శ్రద్ధగా పరిశీలించారు. రైలు వేయాలన్నా, నడపాలన్నా ముందు జ్వరాన్ని గెలవవలసి వచ్చింది.

మందు విషయానికొస్తే, చాలాకాలం క్వినైన్ ఒక్కటే దిక్కు. దక్షిణ అమెరికా సింకోనా చెట్టును 1860లలో నీలగిరుల్లో నాటించింది తెల్లవారే. పోస్టాఫీసుల్లో క్వినైన్ పొట్లాలు అమ్మే ఏర్పాటు 1892లో బెంగాల్‌లో మొదలై ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. మన సంఘంలోని తపాలా శాఖ పెద్దలు తమ తండ్రుల నాటి ముచ్చటగా ఈ సంగతి చెబుతుంటారు. కాని పోస్టాఫీసు ఉన్న చోట కొండవాడు లేడు, కొండవాడు ఉన్న చోట పోస్టాఫీసు లేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షలమంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. డి.డి.టి. చల్లారు. 1961కి దేశం మొత్తం మీద కేసులు 50 వేల దరికి దిగాయి. మలేరియా పోయిందనే అందరూ అనుకున్నారు. అదే దశకంలో కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్‌కు, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం, సొరంగాలు తొలిచి రైలు మార్గం వేశారు. అంతకుముందే మాచ్‌ఖండ్‌లో జలవిద్యుత్తు వచ్చింది. మైదానం కూలీలు కొండెక్కారు, కొండ జ్వరం మైదానానికి దిగింది. దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి, నిధులూ శ్రద్ధా సన్నగిల్లాయి. 1976లో దేశంలో 64 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. నేను ఉద్యోగంలో చేరింది ఆ తరువాత మూడేళ్ళకు.

కొత్త రోగి వస్తే ఏమి చేసేవాళ్ళం

ఆ రోజుల్లో జ్వరంతో ఒక కొత్త మనిషి మా దగ్గరకు వస్తే, లేదా మేమే సంతలోనో గుడిసెలోనో అతన్ని పట్టుకుంటే, పద్ధతి ఇది. వేలికొన మీద సూదితో గుచ్చి రెండు చుక్కల రక్తం గాజు పలక మీద పూస్తాం. దానిని స్లైడు అంటాం. పేరు, ఊరు, నంబరు వ్రాసుకుంటాం. జ్వరం మలేరియాయే అన్న అనుమానంతో అక్కడికక్కడే పెద్దవారికి నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగిస్తాం. ఆరువందల మిల్లీగ్రాములు. పరమ చేదు. ఖాళీ కడుపున మింగి కక్కుకునేవారు. స్లైడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాలి. అక్కడ జె.ఎస్.బి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. క్రిమి కనబడితే, మళ్ళీ ఆ ఊరికి వెళ్ళి, ఆ మనిషిని వెదికి, పూర్తి మోతాదు మందు ఇవ్వాలి.

కాగితం మీద ఇది సవ్యంగానే ఉంటుంది. కొండ మీద వేరు. వానాకాలంలో గెడ్డ పొంగితే స్లైడ్ల సంచి అవతలి గట్టునే ఉండిపోయేది. ఒక్కొక్క టెక్నీషియన్ ముందు వందల స్లైడ్లు పేరుకునేవి. ఫలితం తేలడానికి రెండు వారాలు, మూడు వారాలు పట్టడం మామూలు. ఈలోగా ఆ మనిషి పోడుకు వెళ్ళిపోయి ఉంటాడు, లేదా జ్వరం ముదిరి ఉంటుంది.

మలేరియాలో ముఖ్యంగా రెండు రకాలు. వైవాక్స్ అనేది పీడిస్తుంది గాని సాధారణంగా చంపదు. ఫాల్సిపారం చంపుతుంది. మెదడుకెక్కితే ఒకటి రెండు రోజుల్లో మనిషి తెలివి తప్పుతాడు. మన కొండల్లో ఎక్కువ భాగం ఫాల్సిపారమే. 1973లో అస్సాంలోని కర్బీ కొండల్లో క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మొదటిసారి బయటపడింది. ఆ తరువాత ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్క ప్రాంతంలో అదే కథ. మేము చేదు మాత్రలు మింగిస్తూనే ఉన్నాం, జ్వరం రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తూనే ఉంది.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ఊరి పేరు అనవసరం. ఏడేళ్ళ పిల్ల. తల్లి స్వయంగా సంతకు మోసుకొచ్చి స్లైడు తీయించింది, మాత్రలు మింగించింది, కక్కితే మళ్ళీ మింగించింది. చెప్పినదంతా చేసింది. స్లైడు ఫలితం ఫాల్సిపారమని పద్దెనిమిదవ రోజున వచ్చింది. మందు తీసుకుని నేను కొండెక్కేసరికి పిల్లను పూడ్చి వారమైంది. ఆ తల్లి నన్ను తిట్టలేదు. "మందు ఏసినాం గదా బాబూ, ఏటయిపోనాది?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు మా శాఖ దగ్గర సమాధానం లేదు. సమాధానం అప్పటికే చైనాలో ఉంది.

చైనాలో ఏమి జరిగింది

వియత్నాం యుద్ధంలో తుపాకుల కంటె మలేరియాయే ఎక్కువమంది సైనికులను పడగొడుతుండేది. ఉత్తర వియత్నాం నాయకులు చైనాను సహాయం కోరారు. 1967 మే 23న చైనా ప్రభుత్వం రహస్యంగా ఒక పరిశోధన మొదలుపెట్టింది. తేదీని బట్టి దానికి 523 పథకం అని పేరు. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య పరిశోధనా సంస్థలో పనిచేస్తున్న తూ యూయూ అనే మహిళకు అందులో ఒక భాగం అప్పగించారు. ఆమెకు డాక్టరేటు లేదు, విదేశీ చదువు లేదు. మందుల శాస్త్రం చదివి, తరువాత రెండున్నరేళ్ళు చైనా సంప్రదాయ వైద్యంలో శిక్షణ పొందిన ఉద్యోగిని.

ఆమె, ఆమె సహచరులు పాత గ్రంథాలు తిరగేసి, ఊళ్ళలోని ముసలి వైద్యులను అడిగి రెండువేల పైచిలుకు చిట్కాలు ప్రోగుచేశారు. వాటిలో పనికివచ్చేవి ఏరి, రెండువందలకు పైగా మూలికల కషాయాలను మలేరియా సోకిన ఎలుకల మీద పరీక్షించారు. చింగ్‌హావ్ ఒకసారి పనిచేసింది, మరొకసారి చేయలేదు. ఎందుకు? నాలుగవ శతాబ్దానికి చెందిన గె హోంగ్ అనే వైద్యుడు అత్యవసర చికిత్సల మీద వ్రాసిన గ్రంథాన్ని తూ యూయూ మళ్ళీ చదివారు. ఆ వైద్యుడు చింగ్‌హావ్‌ను మరగబెట్టమనలేదు. నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమన్నాడు. అంటే వేడి తగిలితే ఇందులోని గుణం చెడిపోతుందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరు 4న, 191వ నంబరు నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను నూటికి నూరుపాళ్ళూ చంపింది.

అక్కడితో సంబరపడి జనానికి పంచలేదు. 1972లో తూ యూయూ, మరిద్దరు సహచరులు ముందు తామే ఆ మందు పుచ్చుకుని, హాని లేదని చూసుకున్నారు. ఆ తరువాతనే రోగులకు ఇచ్చారు. అదే ఏడాది చివరకు అసలు పదార్థాన్ని విడదీశారు. దాన్ని మనం ఆర్టిమిసినిన్ అంటున్నాం. దాని నుంచి ఆర్టీసునేట్, ఆర్టీమీథర్ వంటి మందులు వచ్చాయి. బయటి ప్రపంచానికి ఆంగ్లంలో వివరంగా తెలిసింది 1979లో. 2015లో తూ యూయూకు నోబెల్ బహుమతి లభించింది. అదే బహుమతిలో మిగతా సగం ఐవర్‌మెక్టిన్ మందుకు దారితీసిన పరిశోధకులకు వెళ్ళింది. బోదకాలు బెడద ఎరిగిన ఉత్తరాంధ్ర వారికి ఆ మందు పేరు కూడా కొత్త కాదు.

1979 అంటే నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరమే. నేను సంచిలో క్లోరోక్విన్ వేసుకుని మొదటిసారి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్న రోజుల్లోనే ఆ సమాచారం అచ్చయింది. అది మాత్రగా మారి మన కొండ మీది గుడిసెకు చేరడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

కొండెక్కిన మందు

మన దేశం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ చింగ్‌హావ్ మొక్కను ఇక్కడ సాగులోకి తెచ్చింది. అక్కడి కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఆర్టీథర్ అనే ఇంజెక్షన్‌ను రూపొందించగా 1990 దశకంలో వాడకంలోకి వచ్చింది. ఆ దశకంలోనే, 1997లో, ప్రపంచ బ్యాంకు సహాయంతో మొదలైన మలేరియా నియంత్రణ పథకం గిరిజన జిల్లాల మీద దృష్టి పెట్టింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది.

అసలు మార్పు 2005 తరువాత వచ్చింది. క్లోరోక్విన్ పనిచేయని ప్రాంతాల్లో ఫాల్సిపారానికి ఆర్టీసునేట్‌ను మరొక మందుతో జతచేసి ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. దీన్నే ఎ.సి.టి. అంటారు. 2008 నాటికి మన ఏజెన్సీ జిల్లాలు అందులోకి వచ్చాయి. 2010లో దేశమంతటా ఫాల్సిపారానికి అదే మందు అన్నారు. జత ఎందుకంటే, ఆర్టీసునేట్ క్రిములను గంటల్లో తుడిచేస్తుంది గాని, ఒంట్లో కొద్ది గంటలే నిలుస్తుంది. మిగిలిపోయిన కొద్ది క్రిములను నెమ్మదిగా, ఎక్కువ రోజులు పనిచేసే రెండవ మందు చంపుతుంది. క్రిమి జీవిత చక్రం నలభై ఎనిమిది గంటలు. మూడు రోజులు మింగితే దానిని రెండు సార్లు దెబ్బతీసినట్లు. పైగా దోమకు క్రిమి అందకుండా ప్రైమాక్విన్ ఒక్క మోతాదు ఇస్తారు.

మాత్రతోబాటు ఇంకొకటి వచ్చింది. అదే చిన్న పరీక్ష పట్టీ. వేలి చుక్క రక్తం వేస్తే పదిహేను, ఇరవై నిమిషాల్లో గీత పడుతుంది. పద్దెనిమిది రోజులు ఇరవై నిమిషాలకు దిగాయి. చదువు అంతంతమాత్రపు ఆశా కార్యకర్త తన ఊళ్ళోనే పరీక్ష చేసి, అప్పుడే మందు మొదలుపెట్టగలిగింది. మందు అట్టలకు వయసును బట్టి రంగులు పెట్టారు. ఏడాది లోపు పసివాళ్ళకు గులాబీ, నాలుగేళ్ళ దాకా పసుపు, ఎనిమిదేళ్ళ దాకా ఆకుపచ్చ, పద్నాలుగేళ్ళ దాకా ఎరుపు, పెద్దలకు తెలుపు. అక్షరం రానివారు కూడా తప్పు చేయని ఏర్పాటు. ఇంత తెలివైన పని మా శాఖలో నేను మరొకటి చూడలేదు.

తెలుపు అట్ట మొదటిసారి నా చేతికి వచ్చిన ఏడాది, డోలీలో మోసుకొచ్చిన ఒక యువకుడికి పట్టీ మీద గీత పడింది. మందు మొదలైంది. మూడవ రోజు చూడబోతే మనిషి లేడు. నా గుండె జారిపోయింది. వాళ్ళ అవ్వ నవ్వుతూ, "ఎక్కడికి పోతాడు బాబూ, నాగలట్టుకు ఎల్లినాడు" అంది. మిగిలిన మాత్రలు వేశాడా అని అడిగితే చూరులో దోపిన అట్ట తీసి చూపింది. మూడో రోజు మాత్ర అందులోనే ఉంది. జ్వరం పోయాక మందెందుకన్నది వాళ్ళ లెక్క. పొలానికి వెళ్ళి, ఆ మాత్ర మింగించి వచ్చాం. పాత మందుతో జ్వరం తగ్గదని మా బాధ. కొత్త మందుతో అది మరీ తొందరగా తగ్గిపోయి మాత్రలు మిగిల్చేస్తారని బాధ. రెండవది మంచి బాధే అనుకోండి.

ముదిరిన రోగుల సంగతి వేరే చెప్పాలి. తెలివి తప్పినవారికి అంతకుముందు క్వినైన్ సెలైన్‌లో కలిపి గంటల తరబడి ఎక్కించవలసి వచ్చేది. దానితో రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉండేది. 2005లో బంగ్లాదేశ్, బర్మా, ఇండోనేషియా, మన దేశంలో 1,461 మంది రోగుల మీద జరిపిన పరిశోధన వెలువడింది. మన వంతు పరిశోధన రూర్కెలాలో జరిగింది. క్వినైన్ తీసుకున్నవారిలో నూటికి 22 మంది చనిపోగా, ఆర్టీసునేట్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 15 మంది చనిపోయారు. నూటికి ఏడు ప్రాణాలు. సంఖ్యగా చిన్నదే. డోలీ పక్కన నడిచి వచ్చినవాడికి అది చిన్నది కాదు.

దిసారితో పేచీ, పొత్తు

కొండల్లో జ్వరం వస్తే మొదట కబురు వెళ్ళేది మాకు కాదు, దిసారికి. మంచి చెడ్డ ఘడియలు చెప్పడం, పూజలు, చెట్టు మందులు అన్నీ ఆయన చేతిలోనే. నొప్పికి కాల్చిన ఇనుముతో వాత పెట్టే ఆచారమూ ఉండేది. మా తోటి ఉద్యోగులు కొందరు దిసారులను ఈసడించేవారు. అలా ఈసడించినవారికి ఆ ఊళ్ళో ఎవరూ వేలు చాపేవారు కాదు. "పూజ మీరు చేయండి తాతా, రక్తం మేం చూస్తాం, రెండూ ఇవాళే అయిపోవాలి" అన్నవారికి పని జరిగేది. పూజ అయ్యేదాకా ఆగితే ఫాల్సిపారం ఆగదు గదా. ఈ 'ఇవాళే' అన్న మాట ఒప్పించడానికే మా సర్వీసులో సగం పోయింది.

పాత వైద్యం మీద నా అభిప్రాయం అడిగేవారికి ఈ చరిత్రలోనే జవాబు ఉందనుకుంటాను. పదహారు వందల ఏళ్ళ నాటి గ్రంథంలో మాట లేకపోతే ఆ మందు దొరికేదో లేదో. పరీక్ష లేకపోతే ఆ మాట గ్రంథంలోనే ఉండిపోయేది. వందలాది మూలికలు చూస్తే ఒకటి నిలిచింది. పాతది కనుక నమ్మలేదు, పాతది కనుక పారవేయలేదు. వైద్యమేదైనా, సూదైనా ఆకైనా, ఈ రాయి మీద గీసి చూడవలసిందే.

ఇది చదివి ఎవరైనా పెరటిలోని మాచిపత్రి కషాయం జ్వరానికి తాగుతారేమోనని ఒక హెచ్చరిక. మాచిపత్రి, చింగ్‌హావ్ ఒకే జాతివైనా ఒకటి కావు. చింగ్‌హావ్ ఎండుటాకు కషాయం కూడా మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆకులో మందు ఎంత ఉందో తెలియదు, చాలీచాలని మోతాదు క్రిమికి తర్ఫీదు ఇచ్చినట్లవుతుంది. ఆ ప్రమాదం ఊహ కాదు. కంబోడియా పశ్చిమ ప్రాంతంలో 2008 - 2009 నాటికే ఆర్టిమిసినిన్‌కు నెమ్మదిగా లొంగే క్రిమి కనిపించింది. తరువాత ఆఫ్రికాలో రువాండా, ఉగాండాల్లోనూ బయటపడింది. అందుకే ఆర్టీసునేట్ ఒంటరి మాత్రలను మన ప్రభుత్వం నిషేధించింది. క్లోరోక్విన్ పోయినట్లే ఇదీ పోతే, కొండవాడి చూరులో దోపడానికి ఇంకొక అట్ట అంత తొందరగా రాదు.

నేటి సంగతి

2021 జూన్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనాను మలేరియా లేని దేశంగా ప్రకటించింది. శ్రీలంక 2016లోనే ఆ పేరు తెచ్చుకుంది. మన దేశం 2030ని గడువుగా పెట్టుకుంది. 1976లో 64 లక్షలు దాటిన కేసులు 2023లో సుమారు రెండు లక్షల ఇరవై ఏడు వేలకు దిగాయి. మందుతోబాటు దోమతెరలు, పిచికారీ, రోడ్లు, సెల్‌ఫోను అన్నీ కలిసి చేసిన పని ఇది. అయినా 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో మలేరియా ఇంకా ఉంది. రోడ్డు లేని గూడెం నుంచి డోలీ మోత ఇంకా పత్రికల్లో కనిపిస్తూనే ఉంది.

మన కుటుంబాలకు సంబంధించిన రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. వలిసె పూలు చూడటానికి మన పిల్లలు, మనుమలు అరకు వెళ్ళేది వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరు, డిసెంబరు నెలల్లో. గెడ్డల్లో ఫ్లూవియాటిలిస్ దోమ బలంగా ఉండేదీ ఆ కాలంలోనే. వెళ్ళవద్దనను, సంతోషంగా వెళ్ళిరండి. రాత్రి దోమతెర కట్టుకోండి. తిరిగి వచ్చిన తరువాత వారానికో, నెలకో జ్వరం వస్తే "అరకు వెళ్ళి వచ్చాం" అని డాక్టరు గారికి ముందుగా చెప్పండి, అదే రోజు రక్త పరీక్ష చేయించండి. పట్నం డాక్టరుకు మీరు చెప్పకపోతే ఆ అనుమానం రాకపోవచ్చు. మలేరియా అని తేలితే ఇచ్చిన మందు ఆఖరి మాత్ర దాకా మింగండి. వైవాక్స్ అయితే ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వాడాలి. లేకపోతే కాలేయంలో దాగిన క్రిమి నెలల తరువాత లేస్తుంది. ఆ మందు కొందరి రక్తానికి పడదు. మూత్రం నల్లబడితే వెంటనే ఆపి డాక్టరును కలవాలి. గర్భిణీలకు, పసివాళ్ళకు అది ఇవ్వకూడదు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇవాళ ఏ ఆశా కార్యకర్త సంచిలోనైనా జవాబు ఉంది. ఆకుపచ్చ అట్ట, పక్కన ఒక పరీక్ష పట్టీ. ఆ సంచి ఖాళీ కాకుండా చూడటం పదవిలో ఉన్నవారి పని. అది ఖాళీగా కనబడితే ఊరుకోకుండా అడగటం మనబోటి విశ్రాంత ఉద్యోగుల పని. అర్జీ వ్రాయడం మనకు కొత్త కాదు గదా!